తాత వీలునామాలో "నా సంతతి" అంటే ఎవరెవరు? కౌలు డబ్బు దగ్గర గొడవ

ప్రశ్న (కావలి నుంచి):
అందరికీ నమస్కారం. మా తాత 2009లో కాలం చేశారు. అల్లూరు వైపు మాగాణి, కావలిలో నాలుగు షాపు రూములు ట్రస్టు కింద పెట్టి, "వీటి మీద వచ్చు ఆదాయమును నా సంతతి వారు సమానముగా అనుభవించవలెను" అని వీలునామా రాశారు. ట్రస్టీ బాబాయి. నాన్న, బాబాయి, మేనత్త ఇన్నాళ్ళూ మూడు వంతులుగా తీసుకున్నారు, ఏ పేచీ లేదు. 2021లో నాన్న పోయాక ఆయన వంతు ఆగిపోయింది. బతికున్న కొడుకూ కూతురే సంతతి అంటాడు బాబాయి. నా నలుగురు పిల్లలూ సంతతే, తలా ఒక భాగం వెయ్యి అంటుంది అత్త. నేనూ చెల్లెలూ మధ్యలో ఉన్నాం. మొన్న కౌలు డబ్బు వచ్చిన రోజు అత్త పాస్‌బుక్ పట్టుకుని వచ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిపినవాళ్ళం, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోర్టు ఈ మాటను ఎలా చదువుతుంది?

జవాబు (ఒంగోలు నుంచి):
1925 భారత వారసత్వ చట్టం 99వ సెక్షన్ చూడండి. పిల్లలంటే మొదటి తరమే, సంతతి అంటే కింది తరాలన్నీ అని ఉంది. అందరికీ తలా ఒక భాగం వస్తుంది.

జవాబు (నెల్లూరు, సివిల్ కేసులు చూస్తాను):
అన్నా, ఆ 99 హిందువుల వీలునామాలకు వర్తించదు. ఏ సెక్షన్లు వర్తిస్తాయో మూడో షెడ్యూలులో ఉంది, అందులో 99 లేదు. వర్తించేది 82: ఒక్క మాట పట్టుకుని కాదు, వీలునామా మొత్తం చదివి అర్థం తీయాలి. రాసినాయన కుర్చీలో కూర్చుని, ఆయన కుటుంబం, ఆయన మాట తీరు చూసి ఉద్దేశం పట్టుకోవాలని నవనీత్ లాల్ కేసులో 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన రాయనిది మాత్రం కోర్టు కల్పించదు.

తమ్ముడూ, అసలు ముడి ఇది: తలలు లెక్కపెట్టి పంచాలా, ఒక్కో బిడ్డ శాఖకు ఒక్కో వంతా? ఎవరైనా పోతే వాళ్ళ వంతు ఏం కావాలో తాత ఎక్కడో రాసే ఉంటారు, ఆ పేజీ వెతుకు. 2009 నాటికి మీరిద్దరూ పుట్టారా? ఎందుకంటే తాత పోయేనాటికి పుట్టని వాళ్ళకు ఉత్త ఆదాయం మాత్రమే రాస్తే 113 అడ్డం వస్తుంది, మిగిలిన హక్కు మొత్తం ఇవ్వాలి. తరతరాలుగా ఆదాయం నడుస్తూనే ఉండాలంటే 114 ఒప్పుకోదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
నేను 1992, చెల్లెలు 1995. మూడో పేజీ మడత మీద, జిరాక్సులో సగం చెరిగిన లైను ఒకటి ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీయించి చదివాను: "వీరిలో ఎవరైనను గతించిన యెడల వారి భాగము వారి బిడ్డలకు చెందవలెను."

జవాబు (నెల్లూరు):
"వారి భాగము" అన్నాడంటే ఆయన మనసులో ఉన్నది మూడు వంతులే. నాన్న వంతు మీ ఇద్దరికీ, అంటే మొత్తంలో చెరి ఆరో వంతు. అత్త ఉన్నంతకాలం ఆమె వంతు ఆమెదే, పిల్లలకు వేరే భాగం రాదు. తర్వాత వాళ్ళకే, కూతురి బిడ్డలని తోసెయ్యడానికి లేదు, మన వైపు బిడ్డలంటే అందరూనూ. 2021 నుంచి ఆగిన డబ్బుకు లెక్క చెప్పమని ట్రస్టీకి రాతపూర్వకంగా అడుగు, కాలపరిమితి సంగతి ఉంది, ఆలస్యం చేయొద్దు. బాబాయి వినకపోతే హక్కు తేల్చమని దావా వేయాల్సిందే. దానికంటే ముందు ఆ నకలు తీసుకుని అత్త దగ్గరికి నువ్వే వెళ్ళి చదివి వినిపించు.