ప్రైవేట్ పార్కింగ్ నోటీసులో చట్టం చెప్పిన మాటలు లేకపోతే కీపర్ కట్టాలా?

స్లౌ_నివాసి
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఒక రిటైల్ పార్క్‌లో కార్ పార్క్ నడిపే ప్రైవేట్ కంపెనీ నుంచి నా పేరు మీద ఉత్తరం వచ్చింది. కారుకి రిజిస్టర్డ్ కీపర్‌ని నేనే, అంటే రికార్డులో బండి నా పేరు మీదే ఉంది. మార్చి 3, సోమవారం ఉచిత సమయం దాటాక కూడా కారు అక్కడే ఉందట, 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే 60 చాలట. అద్దం మీద ఏ కాగితమూ అంటించలేదు, అంతా కెమెరా ఫొటోలే. ఉత్తరం మీద తేదీ మార్చి 14, శుక్రవారం. మా ఇంటికి వచ్చింది 19న.

అందులో కారు లోపలికి వచ్చిన టైం, బయటికి వెళ్లిన టైం ఉన్నాయి. కింద "కారు మీరే నడిపారని భావిస్తున్నాం, కాబట్టి మీరే కట్టాలి" అన్న అర్థం వచ్చేలా రాశారు. ఇలాంటి నోటీసుల గురించిన 2012 చట్టం పేరు ఎక్కడా లేదు. ఆఫీసులో ఒకాయన, ఈ ఉత్తరాల్లో కొన్ని మాటలు ఉండి తీరాలి, లేకపోతే కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు వాళ్లకు లేదు అన్నారు. నిజమేనా? ఇంట్లో వాళ్లేమో 60 కట్టేసి వదిలించుకోమంటున్నారు, వీసా మీద ఉన్నాం కదా, అదొక టెన్షన్.

లెస్టర్_అక్క
తమ్ముడూ, వీసా భయం పెట్టుకోకు. ఇది కౌన్సిల్ వేసే పెనాల్టీ కాదు, పోలీసు కేసు అంతకన్నా కాదు. ఒప్పందం ప్రకారం డబ్బు రావాలని ఒక కంపెనీ అడుగుతోంది, సివిల్ వ్యవహారం, నేర రికార్డేమీ పడదు. కానీ నేనైతే 60 కట్టేస్తాను. 14 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలనేది రూలు, వాళ్లు 14వ తేదీనే రాశారంటే పదకొండు రోజులే కదా అయింది. ఇక ఏం వాదిస్తావు?

పాతకాపు
అక్కా, లెక్క ఉత్తరం రాసిన రోజుతో కాదు, చేరిన రోజుతో. అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పార్కింగ్ ఒప్పందం డ్రైవర్‌తో. కీపర్‌తో కాదు. డ్రైవర్ ఎవరో తెలియకపోయినా కీపర్ దగ్గర వసూలు చేసుకోవచ్చని ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ 2012, షెడ్యూల్ 4 అవకాశం ఇచ్చింది, అది కూడా ఇంగ్లండ్, వేల్స్‌లో మాత్రమే. ఆ అవకాశం కావాలంటే కంపెనీ అందులోని షరతులు పాటించాలి. అద్దం మీద నోటీసు పెట్టకుండా పోస్టులో పంపితే పేరా 9 వర్తిస్తుంది. పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి లెక్కపెట్టి 14 రోజుల్లో నోటీసు కీపర్‌కి అందాలి. మీ విషయంలో మార్చి 4 నుంచి 17 దాకా. పోస్టులో వేసిన ఉత్తరం రెండో పని దినాన అందినట్టు చట్టం అనుకుంటుంది, శని ఆదివారాలు లెక్కలోకి రావు. శుక్రవారం 14న పోస్టు చేశారనుకున్నా సోమవారం ఒకటి, మంగళవారం రెండు. అంటే 18. ఒక్క రోజు ఆలస్యం, కానీ ఆలస్యం ఆలస్యమే. అంతకన్నా ముందే అందిందంటే దాన్ని వాళ్లు నిరూపించుకోవాలి. కవరు పారేయకండి, దాని మీద పోస్టు తేదీ ముద్ర ఉంటే ఇంకా మంచిది.

ఇక మాటల సంగతి. పేరా 9 ప్రకారం నోటీసులో బండి, స్థలం, పార్క్ చేసి ఉన్న కాలం చెప్పాలి. డ్రైవర్ పేరు, చిరునామా తమకు తెలియవని రాయాలి. మీరు కట్టండి, లేదా మీరు డ్రైవర్ కాకపోతే డ్రైవర్ వివరాలు మాకిచ్చి, ఈ నోటీసు డ్రైవర్‌కి అందజేయండి అని కీపర్‌ని కోరాలి. 28 రోజుల తర్వాత కూడా డబ్బు పూర్తిగా రాక, డ్రైవర్ వివరాలూ తెలియకపోతే, షరతులన్నీ నెరవేరితే కీపర్ దగ్గర వసూలు చేసే హక్కు తమకు వస్తుందని హెచ్చరించాలి. మీ ఉత్తరంలో ఈ 28 రోజుల హెచ్చరిక ఉందా? మీరు రాసిన దాన్ని బట్టి లేనట్టే ఉంది. "మీరే నడిపారని భావిస్తున్నాం" అన్నది దానికి బదులు కాదు, కీపరే డ్రైవర్ అని చట్టం ఎక్కడా అనుకోమనలేదు.

ఇక్కడ ఎవరు నడిపారో మీరు రాయలేదు, అది చాలా మంచి పని. అప్పీల్‌లో కూడా రాయకండి. "నేను పార్క్ చేశాను" అన్న ఒక్క ముక్క పడితే పైన చెప్పిందంతా వృథా, ఎందుకంటే డ్రైవర్ దగ్గర వసూలు చేయడానికి వాళ్లకు షెడ్యూల్ 4తో పనే లేదు. అలాగని నడిపి నడపలేదని అబద్ధం ఆడొద్దు, ఎప్పుడూ ఆడొద్దు. "నేను కీపర్‌ని, డ్రైవర్ ఎవరో చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు" అంటే చాలు, అది నిజం. పోలీసులు రోడ్ ట్రాఫిక్ చట్టం సెక్షన్ 172 కింద డ్రైవర్ ఎవరని అడిగితే మాత్రం చెప్పి తీరాలి, దాన్నీ దీన్నీ కలపకండి.

కాగితాల_మనిషి
పాతకాపు గారితో ఏకీభవిస్తున్నాను, కానీ అన్ని పాయింట్లకూ ఒకే బలం ఉండదు. "కోరాలి" అన్నచోట ఆ మాటే లేదని వాదిస్తే, అర్థం వస్తోంది కదా అని కొట్టేసే అవకాశం ఉంది. లోపలికి, బయటికి టైం మాత్రమే ఉంది, పార్క్ చేసిన కాలం కాదు అన్న వాదన మీద కూడా మొత్తం భారం వేయొద్దు. తేదీ, 28 రోజుల హెచ్చరిక, ఈ రెండే ముందు పెట్టండి. మూడు పేజీల అప్పీల్ కన్నా రెండు పాయింట్లు, పక్కన పేరా నంబర్లు ఉన్న అప్పీల్ మేలు. పాత రోజుల్లో అందరూ "ఇది అన్యాయమైన జరిమానా, కంపెనీకి నష్టమేమీ లేదు" అని రాసేవాళ్లు, ఆ దారి 2015లో మూసుకుపోయింది. పార్కింగ్‌ఐ అనే కంపెనీకీ బీవిస్ అనే డ్రైవర్‌కీ మధ్య కేసులో 85 పౌండ్ల ఛార్జ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది.

కంపెనీ ఒప్పుకోకపోతే తర్వాత ఎక్కడికి వెళ్లాలన్నది అది ఏ సంఘంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ అయితే పాప్లా అనే అప్పీల్ సంస్థ, కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి 28 రోజులు, ఉచితం. ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ అయితే ఐఏఎస్ (ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్), అక్కడ నేను పెద్దగా ఆశ పెట్టుకోను. పాప్లాలో గెలిస్తే కంపెనీ ఒప్పుకోవాల్సిందే, ఓడితే మీరు కట్టి తీరాలని లేదు, కోర్టుకి వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. వసూలు ఏజెన్సీల నుంచి వచ్చే బెదిరింపు ఉత్తరాలు వేరు, కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం వేరు. క్లెయిమ్ ఫారం వస్తే 14 రోజుల్లో స్పందించాలి, ముందు అందిందని తెలియజేస్తే డిఫెన్స్‌కి, అంటే మీ వాదన రాసి ఇవ్వడానికి, మొత్తం 28 రోజులు దొరుకుతాయి. దాన్ని పట్టించుకోకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది, అది ఆరేళ్లు క్రెడిట్ రికార్డులో కూర్చుంటుంది. వాదించి ఓడినా నెలలోపు మొత్తం కట్టేస్తే తీర్పుల రిజిస్టర్ నుంచి తీసేస్తారు. ఇల్లు మారితే కంపెనీకి కొత్త చిరునామా రాసి పంపండి, పాత ఇంటికి వెళ్లిన క్లెయిమ్ వల్ల ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

లెస్టర్_అక్క
చేరిన రోజు లెక్క నాకు తెలియదు, బాగా చెప్పారు. అయితే ఒక సందేహం, అప్పీల్ చేస్తే ఆ 60 పౌండ్ల రేటు పోదా?

కాగితాల_మనిషి
14 రోజుల్లోపు అప్పీల్ చేస్తే, తిరస్కరించినప్పుడు మళ్లీ 14 రోజులు అదే తగ్గింపు ధర ఇవ్వాలని వాళ్ల సంఘం నియమావళిలో ఉంది. పాప్లాకి వెళ్తే మాత్రం పోతుంది. అంటే మొదటి అప్పీల్‌కి మీకు ఖర్చేమీ లేదు.

స్లౌ_నివాసి
అందరికీ థాంక్స్. ఉత్తరం రెండు వైపులా మళ్లీ చదివాను, 28 రోజుల హెచ్చరిక ఎక్కడా లేదు. కవరు ఉంది, కానీ ముద్రలో తేదీ లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో అప్పీల్ ఫారం తెరిస్తే "మీరు ఎవరు" అన్నచోట డ్రైవర్, కీపర్, ఇతరులు అని ఉంది, కీపర్ అనే పెడతాను. తర్వాత "ఆ రోజు ఏం జరిగింది" అని ఇంకో పెట్టె ఉంది, అక్కడ ఏం రాయాలి?

పాతకాపు
ఏం జరిగిందో కథ వద్దు, అక్కడే నోరు జారతారు. మీరు కీపర్ అని, నోటీసు పేరా 9 గడువులో అందలేదని, 28 రోజుల హెచ్చరిక లేదని, కాబట్టి కీపర్ మీద బాధ్యత రాదని, నోటీసు రద్దు చేయండి లేదా పై అప్పీల్‌కి వెళ్లడానికి కావలసిన కోడ్ నంబరు ఇవ్వండని నాలుగు వాక్యాలు రాయండి. "పంపు" నొక్కే ముందు, నొక్కాక స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. జవాబు రాగానే ఆ ఉత్తరం పేరు, కారు నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, పాప్లాకి ఏం రాయాలో చూద్దాం.