అప్లికేషన్ సర్వర్ మార్పు: టామ్‌క్యాట్ 8.5 నుంచి 9కా, 10.1కా?

నాగావళి (రాయగడ)
ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీ ఫీజుల అప్లికేషన్ నేను చూసుకుంటున్నాను. జావాలో రాసింది, టామ్‌క్యాట్ 8.5 అనే సర్వర్ మీద నడుస్తుంది; జావా 8, స్ప్రింగ్ 4 అనే ఫ్రేమ్‌వర్క్. 8.5కి 2024 మార్చి 31తో సపోర్ట్ ఆగిపోయింది, ఆడిట్‌కి వచ్చినాయన అదే పట్టుకుని కూర్చున్నాడు. నేరుగా 10.1కి పోదామని నా ఉద్దేశం. ఎలాగూ ఏదో ఒక రోజు జకార్తాకి (జావా ఈఈ, అంటే వెబ్ అప్లికేషన్ల జావా ప్రమాణాలకి, వచ్చిన కొత్త పేరు) మారక తప్పదు, ఆ పడే కష్టమేదో ఒక్కసారే పడదాం. చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
9 చాలు. అందులో కోడ్ ప్యాకేజీలకి పాత జావాఎక్స్ పేర్లే ఉంటాయి, జావా 8 మీదే నడుస్తుంది, వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తాన్ని మూటకట్టిన ఫైల్) తీసుకెళ్ళి పెడితే దాదాపు ఉన్నదున్నట్టు లేస్తుంది. 10లో మారిందేమిటో చెప్పనా? 2017లో ఒరాకిల్ జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి అప్పజెప్పుతానంది, కానీ జావాఎక్స్ అనే పేరు కింద కొత్త మార్పులు చేసుకోవడానికి ఒప్పందం కుదరలేదు, దాంతో 2020లో జకార్తా ఈఈ 9 వచ్చేసరికి ప్యాకేజీల పేర్లన్నీ మార్చాల్సి వచ్చింది. వాళ్ళ పేచీకి రాయగడలో ఫీజు కౌంటర్ ఎందుకు ఆగాలి?

కొలాబ్ (జయపురం)
పేర్లే కదా. ఎడిటర్‌లో జావాఎక్స్ అని వెతికి జకార్తా అని మార్చేస్తే పోలా? అరగంట పని.

వంశధార (గుణుపురం)
పోదు. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ డాట్ నేమింగ్ జేడీకేలోవి, అంటే జావాతోనే వచ్చేవి, వాటి పేర్లు మారలేదు. అన్నీ మార్చేస్తే కంపైలే అవ్వదు.

కొలాబ్
సర్వ్‌లెట్‌వి, అంటే వెబ్ రిక్వెస్టులు చూసే కోడ్‌వి, మాత్రమే మార్చమన్నాను.

వంశధార
అలా అనలేదు. పైన చూసుకో.

నాగావళి
చేత్తో మార్చే పనే లేదు. టామ్‌క్యాట్ వాళ్ళదే మైగ్రేషన్ టూల్ ఉంది, వార్ ఫైల్ ఇస్తే లోపలున్న జార్‌లతో (లైబ్రరీ ఫైళ్ళతో) సహా బైట్‌కోడ్‌లోనే, అంటే కంపైలైన కోడ్‌లోనే, పేర్లు మార్చి ఇస్తుంది. సోర్స్ పోయిన జార్‌లకి కూడా పనికొస్తుంది, మా దగ్గర అలాంటివి ఉన్నాయి.

బరంపురం_బాబాయ్
ముందు హెడ్డింగ్ మార్చండి. టామ్‌క్యాట్ అప్లికేషన్ సర్వర్ కాదు, సర్వ్‌లెట్ కంటైనర్. అప్లికేషన్ సర్వర్ అంటే జావా ఈఈ మొత్తాన్నీ ఇచ్చే వైల్డ్‌ఫ్లై, పయారా లాంటివి.

మహేంద్రతనయ
టూల్ పేర్లు మారుస్తుంది నాయనా, తీసేసిన మెథడ్‌లని తెచ్చి పెట్టదు. 10.1 అంటే సర్వ్‌లెట్ 6. సెషన్ మీద గెట్‌వాల్యూ, పుట్‌వాల్యూ అనే పాత మెథడ్‌లు అందులో లేవు. పైగా జేఎస్పీ (లోపల జావా కోడ్ కలిపి రాసిన వెబ్ పేజీ) అనేది ఎవరైనా మొదటిసారి తెరిచినప్పుడు కదా కంపైల్ అయ్యేది. సర్వర్ లేస్తుంది, లాగిన్ వస్తుంది, రసీదు వస్తుంది, అయిపోయిందని అందరూ ఇళ్ళకి పోతారు. హాస్టల్ బకాయిలు ముగించే పేజీ ఒకటుంటుంది, దాన్ని ఏడాదికోసారి తెరుస్తారు. ఆ రోజు తెల్లటి స్క్రీన్ మీద 500 ఎర్రర్ అని పడుతుంది, కౌంటర్ బయట పిల్లలూ తండ్రులూ లైన్లో నిలబడి ఉంటారు, గుమాస్తా ఫోన్ ఎవరికి చేస్తాడు? ఇది నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఇంకో ఆఫీసులో సిటీ నుంచి వచ్చిన వెండర్ గ్లాస్‌ఫిష్ అనే సర్వర్ అన్నాడు, బ్రహ్మాండం అన్నాడు, మార్చాం. 2013లో ఒరాకిల్ దానికి కమర్షియల్ సపోర్ట్ ఆపేస్తున్నామని ప్రకటించింది. వెండర్ ఫోన్ ఎత్తలేదు, ఊళ్ళో ఉన్నది నేను కాబట్టి తిట్లు నేను తిన్నాను.

కొలాబ్
గ్లాస్‌ఫిష్ సంగతికీ దీనికీ సంబంధం ఏంటి సార్?

నాగావళి
జేఎస్పీలన్నీ ముందే కంపైల్ చేసి చూడొచ్చు మాస్టారూ, టామ్‌క్యాట్‌లోనే జేఎస్పీసీ అనే టూల్ ఉంది. ఏ పేజీ పడిపోతుందో పేరుతో సహా చెబుతుంది. ఏడాదికోసారి తెరిచేదైనా సరే.

మహేంద్రతనయ
మరి పిల్లల పేర్లు? ఒడియాలో ఉన్న పేరు, తెలుగులో ఉన్న పేరు ఒకే లిస్టులో ఉంటాయి మన దగ్గర. సర్వర్ మార్చగానే రసీదు మీద పిచ్చి గీతలు పడతాయి.

వంశధార
వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్లో రిక్వెస్ట్ క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఒక లైన్ రాస్తే సరి. అది సర్వ్‌లెట్ 4 నుంచి ఉంది, 9లోనూ పనిచేస్తుంది, 10.1లోనూ పనిచేస్తుంది. దీని మీద గొడవ అనవసరం.

నాగావళి
అసలు ప్రశ్న ఎన్‌కోడింగ్ కాదు. పుట్‌వాల్యూని వాడొద్దని 1999లోనే సర్వ్‌లెట్ 2.2లో చెప్పేశారు. దాని తర్వాత పదేళ్ళకి కూడా అవే రాసుకుంటూ పోయిన చెత్త కోడ్‌ని ఎన్నాళ్ళు మొయ్యాలి? 9 అనడమంటే ఆ చెత్తని ఇంకొంతకాలం ముట్టుకోకుండా ఉంచుదాం అనడమే.

మహేంద్రతనయ
రాసింది నేను. ఇక్కడ అందరికీ ఆ మాట కూడా చెప్పు. నేను రాసి, నడిపి, నీ చేతిలో పెట్టిన అప్లికేషన్ అది. ఆ రోజుల్లో కరెంటు ఉంటే నెట్ ఉండేది కాదు, నెట్ ఉంటే కరెంటు ఉండేది కాదు, నాకు దొరికిన పుస్తకంలో పుట్‌వాల్యూ ఉంది, అదే రాశాను. ఒక్క రసీదు లెక్క తప్పలేదు. ఒడియా గుమాస్తాకి ఒడియాలో, తెలుగు తల్లిదండ్రులకి తెలుగులో కనిపించేలా చేశాను. దాన్ని చెత్త అంటావా?

బరంపురం_బాబాయ్
ఇద్దరూ ఒక ఆఫీసువాళ్ళేనా! మొదట్లోనే చెప్పాల్సింది.

నాగావళి
లెక్క తప్పిందని నేను అనలేదు. మీ మీద గౌరవం లేకపోతే ఇక్కడ అడిగేవాణ్ణే కాదు. కానీ నా పరిస్థితి వినండి. సహాయానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకుందామంటే ఎవరూ రావడం లేదు. స్ప్రింగ్ బూట్ 3 నేర్చుకుని వస్తున్నారు, అది జావా 17, జకార్తా లేకుండా నడవదు. స్ప్రింగ్ 4 అనగానే విజయనగరం బండెక్కి వైజాగ్ పోతున్నారు. రాత్రి పదకొండుకి ఫోన్ వస్తే నేనే, పండక్కీ నేనే. ఇక ఆఫీసువాళ్ళు అంటున్నదేమిటంటే, మీవల్ల కాకపోతే భువనేశ్వర్ కంపెనీకి ఇచ్చేస్తాం అని.

మహేంద్రతనయ
అదీ నా భయం. 10.1 అంటావు, తర్వాత జావా 17 అంటావు, తర్వాత మొత్తం తిరగరాయాలి అంటావు. తిరగరాయడం అనే మాట వినబడిన రోజున ఆ పని మన చేతిలో ఉండదు, భువనేశ్వర్ పోతుంది. అప్పుడు నెలకోసారి వీడియో కాల్‌లో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడతారు, మన గుమాస్తా తన బాధ ఏ భాషలో చెప్పుకుంటాడు?

నాగావళి
ముట్టుకోకుండా ఉంచినా పోతుంది మాస్టారూ. నేను ఒక్కణ్ణే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాను కాబట్టి ఉంది. నేను మానేస్తే మర్నాడే పోతుంది. ఇక్కడి కుర్రాళ్ళు చెయ్యి పెట్టగలిగేలా ఉంటేనే పని ఇక్కడ నిలుస్తుంది.

వంశధార
మొదటి పోస్టులో ఇది రాసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

మహేంద్రతనయ
పరీక్ష ఫీజుల గడువు ముగిసేదాకా సర్వర్ ముట్టుకోకు. ఆ మాట మీద నిలబడు ముందు.

నాగావళి
ముట్టుకోను. పాతది అలాగే ఉంటుంది. పక్క మెషీన్‌లో డేటాబేస్ కాపీ పెట్టి 8081 పోర్టు మీద 10.1 లేపుతాను, జేఎస్పీలన్నీ కంపైల్ చేసి పడిపోయిన పేజీల లిస్టు ఇక్కడే పెడతాను. వాటిలో ఏది ఎందుకు రాశారో మీరు తప్ప చెప్పేవాళ్ళు లేరు. చూస్తారా, చూడరా?

బరంపురం_బాబాయ్
హెడ్డింగ్ ఇంకా మార్చలేదు.

మహేంద్రతనయ
లిస్టు పెట్టు, చూస్తాను. నా ఓటు మాత్రం 9కే.