పక్షవాతం తర్వాత నిద్ర పరీక్ష: అవసరమా, అదనపు ఖర్చా?

కాజీపేట వాసి:
స్లీప్ అప్నియా, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు, ఉందేమో చూడటానికి పక్షవాతం నుంచి కోలుకుంటున్న ప్రతి ఒక్కరికీ నిద్ర పరీక్ష చేయించాలని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 2016లో వెలువడిన ‘సేవ్’ అధ్యయనంలో, ఈ జబ్బుతోపాటు గుండెజబ్బో పక్షవాతమో ఉన్నవారికి, నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపి ఊపిరి ఆగకుండా చూసే సీపాప్ మెషీన్ పెట్టినా మళ్లీ గుండెపోటు, పక్షవాతం రావడం తగ్గలేదు. అలాంటప్పుడు పరీక్ష దేనికి?

హనుమకొండ ఫిజియో:
ఆ అధ్యయనంలో రాత్రికి సగటున 3.3 గంటలే మెషీన్ వాడారు. పగలు విపరీతంగా నిద్ర ముంచుకొచ్చేవారిని అసలు చేర్చుకోలేదు. పక్షవాతం వచ్చినవారిలో సగానికి పైగా ఈ జబ్బు ఉంటుంది. నిద్రలో ఊపిరి పది సెకన్లో అంతకన్నా ఎక్కువో ఆగుతూ, రక్తంలో ఆక్సిజన్ పడిపోతూ, రాత్రంతా నిద్ర తెగిపోయిన మనిషి పొద్దున నా ముందు వ్యాయామానికి కూర్చొని కళ్లు మూస్తే, ఇంటివాళ్లు బద్ధకమని కసురుకుంటారు.

నర్సంపేట పాఠకురాలు:
మా అత్తమ్మకు పెద్దగా గురక లేకున్నా పరీక్షలో ఈ జబ్బే బయటపడింది.

కాజీపేట వాసి:
3.3 గంటలే వాడారంటే మనుషులు భరించగలిగింది అంతేనని అర్థం. మా బాపుకు గంటకు 34 సార్లు ఊపిరి ఆగుతోందని రిపోర్టు చేతికిచ్చి మెషీన్ అమ్మారు. కుడిచేయి పడిపోయిన మనిషి మాస్కు పట్టీ ఎట్లా బిగించుకోవాలి? మూతి ఒకపక్కకు పోయింది కాబట్టి గాలి బయటికి పోతుంది. ఫోన్ చేస్తే పలికే దిక్కు లేదు. ఆ డబ్బుతో ఇంకొన్ని నెలలు ఫిజియోథెరపీ చేయించేవాళ్లం.

హనుమకొండ ఫిజియో:
గంటకు 30 దాటితే తీవ్రమైన స్థాయి. మీ ఇంట్లో మెషీన్ మూలపడిందని అందరికీ పరీక్షే వద్దంటారా?

కాజీపేట వాసి:
మీరు ఒక్క రాత్రైనా ఆయన పక్కన మేల్కొని ఉంటే ఈ మాట అనేవారు కాదు. నా కోపం పరీక్ష మీద కాదు. పరీక్ష చేయించమని రాసిన డాక్టర్లే మాస్కు కుదిరేదాకా చూడాలి, చూడలేనివారు రాయకూడదు.

హనుమకొండ ఫిజియో:
మన తేడా అసలు అక్కడే ఉంది. చూసే దిక్కు లేదని జబ్బును కనిపెట్టకుండా వదిలేయడం నాకు సమ్మతం కాదు. జబ్బు ఉందని తెలిస్తే, మెషీన్ లేకపోయినా వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టవచ్చు, మద్యం మాన్పించవచ్చు, నిద్రమాత్రల గురించి డాక్టరును అడగవచ్చు. బాపు గారికి అయస్కాంతపు క్లిప్పుల మాస్కు ఒకచేత్తో పెట్టుకోవడానికి వీలుగా ఉండవచ్చు. పేస్‌మేకర్ వంటిది ఒంట్లో ఉంటే మాత్రం అది వాడకూడదు.

కాజీపేట వాసి:
పేస్‌మేకర్ లేదు. ఆ మాస్కు గురించి రేపే అడుగుతాను. మెషీన్ అమ్మిన రోజే ఈ ముక్క చెప్పనివారి మీద మాత్రం నా అభిప్రాయం మారదు.