ముసురులో అడవి జంతువుల పిల్లల్ని గమనించడం: మీకు తెలిసింది చెప్పండి

తొర్రపిట్ట: వేసవి మొదట్లోనే ముసురు పట్టింది. జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాను నక్క బొరియ దగ్గర ఎంత ఎత్తులో కట్టాలి? వానల్లో పిల్లలు ఏ వేళకు బయటికొస్తాయి? గుడ్లగూబ పిల్లల జాడ పట్టేదెలా?

ఆకుచాటు: మోకాలికి కాస్త కిందుగా, 40 సెం.మీ. బొరియకు ఎదురుగా వద్దు, పక్కనుంచి నాలుగైదు మీటర్ల దూరంలో. ముందున్న గడ్డి వంచేయండి. ఎండకు వేడెక్కిన ఆకు ఊగినా సెన్సర్ జంతువనుకుంటుంది, కార్డు నిండా ఖాళీ ఫొటోలే. కెమెరా మూత రబ్బరు రింగులో ఒక్క ఇసుక రేణువున్నా నీళ్లు దిగుతాయి. తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం పెట్టండి.

రాత్రిచర: అసలు సంగతి వదిలేశారు. రాత్రి ఫొటోలకు కెమెరాలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైటు 850 నానోమీటర్లదైతే ఎర్రగా మిణుకుమంటుంది. బొరియ దగ్గర కంటికి కనపడని 940 మాత్రమే పెట్టాలి. తల్లికి అనుమానమొస్తే పిల్లల్ని నోట కరచుకుని రాత్రికి రాత్రే వేరే బొరియకు మార్చేస్తుంది.

ఆకుచాటు: 940 వెలుగు అంత దూరం పోదు. ఏళ్ల తరబడి కెమెరాలు కడుతున్నాను, చెప్తున్నా వినండి: నక్క బెదిరేది మనిషి అలికిడికి, వాసనకు. రోజూ కార్డు మార్చడానికి వెళ్లేవాళ్లే బొరియ ఖాళీ చేయిస్తారు.

రాత్రిచర: రోజూ వెళ్లమని నేనెక్కడన్నాను? రాసింది చదివి మాట్లాడండి.

పచ్చికబయలు: లైట్ల గొడవ తర్వాత. పొదలో ఒంటరిగా ముడుచుకున్న జింక పిల్లను "తల్లి వదిలేసింది, తడిసిపోతోంది" అని ఎత్తుకొచ్చేవాళ్లకు చెప్పండి ముందు. అది దాక్కుంది. తల్లి రోజుకు కొన్నిసార్లే వచ్చి పాలిచ్చి పోతుంది. మీరు పక్కనే నిలబడ్డంతసేపూ అది దగ్గరికి రాదు.

వెదురుపొద: ముట్టుకుంటే మన వాసనకు తల్లి వదిలేస్తుంది కూడా.

పచ్చికబయలు: అదో అపోహ అండీ. మామూలుగా వదలదు. ముట్టొద్దనేది పిల్ల బెదురుతుందని. భయంతో కదలక పడుంటే "ఎంత సాధువో" అనుకుంటారు. ఆ క్షణంలో దాని గుండె వేగం పడిపోతుంది. గాయం, ఈగలు మూగడం, ఆగని అరుపు, పక్కన తల్లి శవం, వీటిలో ఏదైనా ఉంటేనే అటవీ శాఖకు చెప్పండి.

వెదురుపొద: మా పెద్దవాళ్లకు తెలియదంటారా?

గూటిగువ్వ: పెద్దవాళ్లు ముట్టొద్దన్న మాట నిజమే, కారణమే వేరు. తొర్రపిట్ట గారూ, వాన కురుస్తున్నప్పుడు గుడ్లగూబ వేట సాగదు. ఎలుక చప్పుడు ఆకుల మోతలో కలిసిపోతుంది, ఈకలు తడుస్తాయి. అందుకే సాయంత్రం వాన వెలిశాక మొదటి గంట వదలొద్దు, ఆకలిగొన్న పిల్లలు ఆగకుండా అరుస్తాయి. ఆ అరుపు వచ్చే చెట్టు కింద తెల్లటి రెట్ట, ఎముకలు కలిసిన వెంట్రుకల ఉండలు వెతకండి. ఎగరడం రాని పిల్ల కింద కనిపిస్తే కంగారొద్దు, ముక్కుతో గోళ్లతో పట్టుకుని మానెక్కుతుంది.

ఆకుచాటు: నక్కలకూ వాన వెలిశాకే. తడి నేల మీదికొచ్చిన వానపాముల్ని తల్లి ఏరుకుంటుంది. 850తోనే స్పష్టంగా పడుతుంది.

రాత్రిచర: మళ్లీ అదే మాట.

తొర్రపిట్ట: బైనాక్యులర్ లోపలి అద్దానికి ఆవిరి పడుతోంది. తుడిచినా పోవట్లేదు, ఏం చేయాలి?

గూటిగువ్వ: లోపలైతే సీలు పోయినట్టే. మీరు విప్పొద్దు, రిపేరుకివ్వండి.