నేవ్, చాన్సెల్: ఇంగ్లండ్ పల్లె చర్చి భాగాలను తెలుగులో ఏమనాలి?

ఇంగ్లండ్ పల్లెటూళ్ల పారిష్ (ఒక క్రైస్తవ గురువు ఆధీనంలోని ఊళ్లు) చర్చిలపై ఒక వ్యాసాన్ని అనువదిస్తున్న ఒకరు, నేవ్‌ను (ఊరివారు కూడే భాగాన్ని) ముఖమండపమనీ, చాన్సెల్‌ను (బలిపీఠం ఉండే తూర్పు భాగాన్ని) గర్భగృహమనీ రాయవచ్చా అని అడిగారు. మన ఆలయ వాస్తు పదాలు చక్కనివి, పాఠకుడికి వెంటనే అందేవి. అయినా ఈ రెండు చోట్లా అవి పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తాయని నా అభిప్రాయం. కారణం చెప్పడానికి ఒక చర్చిని ఉదాహరణగా తీసుకుంటాను.

వేల్స్ సరిహద్దుకు దగ్గరగా హియర్‌ఫర్డ్‌షైర్‌లో కిల్‌పెక్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన చర్చి పెద్ద మార్పులేవీ లేకుండా నేటికీ నిలిచి ఉంది. పడమటి నుంచి తూర్పుకు నేవ్, చాన్సెల్, ఆప్స్ (చివరి అర్ధవృత్తాకార భాగం) అనే మూడు భాగాలు ఒకే వరుసలో ఉంటాయి. నక్షా చూసిన తెలుగువారికి మండపం, అంతరాళం, గర్భగృహం తప్పక గుర్తుకు వస్తాయి. ప్రశ్న అడిగిన వారికి ఆ పోలిక తట్టడం సహజమే. దక్షిణ ద్వారం ముందు నిలబడితే ఆ భావన మరింత బలపడుతుంది. వాకిలి పై అర్ధవృత్తంలో కొమ్మలు చాచిన చెట్టు, తోరణం చుట్టూ పక్షులూ వింత మృగాలూ, ఎడమ స్తంభం మీద తీగల నడుమ చిక్కుకున్న ఇద్దరు యోధులు కనిపిస్తారు. చూరు కింద గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చిన రాళ్లు ఎనభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద వేటకుక్కా కుందేలూ పక్కపక్కనే ఒదిగి ఉంటాయి. పాలంపేట రామప్ప గుడి శిల్పాలు చూసిన కన్ను అక్కడ చాలాసేపు ఆగిపోతుంది.

పోలిక నక్షాతోనే ముగుస్తుంది. గర్భగృహం దేవుడు కొలువుండే చోటు; అక్కడ మూలవిరాట్టు ఉంటుంది, మనం దర్శనం చేసుకుంటాం. చాన్సెల్ అటువంటిది కాదు. అది గురువు నిలబడి ఆరాధన జరిపే భాగం, బలిపీఠం ఉండే భాగం. ఆ మాట లాటిన్‌లో జాలీ అనే అర్థమిచ్చే పదం నుంచి వచ్చింది. మధ్యయుగాల్లో నేవ్‌కూ చాన్సెల్‌కూ నడుమ చెక్కతో చేసిన జాలీ అడ్డు ఉండేది, ఊరివారు దాని సందుల్లోంచి లోపలికి చూసేవారు. ఇంగ్లండ్ చర్చి పోపు ఆధిపత్యం నుంచి విడిపోయిన 16వ శతాబ్దపు మతసంస్కరణలో ఆ అడ్డు మీది శిలువనూ విగ్రహాలనూ తీసివేశారు. చాలాచోట్ల అడ్డు కూడా పోయింది, పేరు మాత్రం మిగిలింది. నేవ్ అన్నది ఓడ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. మన నావ కూడా ఆ మూలానికి చెందినదే కాబట్టి ఈ మాట మనకు అనుకున్నంత పరాయిది కాదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. నేవ్, చాన్సెల్ అన్న విభజన వాస్తుకు సంబంధించినది మాత్రమే కాదు, ఖర్చుకు సంబంధించినది కూడా. నేవ్ మరమ్మతు ఊరివారి బాధ్యతగా ఉండేది. చాన్సెల్ మరమ్మతు ఆ ఊరి పంటలో దశమభాగం పుచ్చుకునే రెక్టర్ (ఆ హక్కు ఉన్న గురువు లేదా సంస్థ) బాధ్యతగా ఉండేది. అందుకే ఒకే చర్చిలో నేవ్ ఎత్తుగా, పెద్ద కిటికీలతో 15వ శతాబ్దపు తీరులో ఉంటే, దాని వెనుక చాన్సెల్ పాత పద్ధతిలో పొట్టిగా మిగిలిపోవడం కనిపిస్తుంది. కాట్స్‌వల్డ్స్‌లోని నార్త్‌లీచ్ అనే సంత ఊరిలో ఉన్ని వ్యాపారులు తమ సొమ్ముతో నేవ్‌ను ఎత్తించారు. అక్కడి నేలలో పొదిగిన ఇత్తడి ఫలకాల్లో ఆ వ్యాపారుల పాదాల కింద గొర్రె, ఉన్ని మూట చెక్కి ఉంటాయి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో దాచుకోని ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం. సంస్కరణకు ముందు ఊరివారు తమ నేవ్‌లోనే విందులు చేసుకుని, బీరు అమ్మి చర్చికి నిధులు కూడబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి చోటును ముఖమండపం అంటే, అది లోపలి దేవుడి దగ్గరికి తీసుకువెళ్లే వాకిలిగా మాత్రమే అర్థమవుతుంది.

చాలా ఊళ్లలో ఈ రెక్టర్ స్థానం క్రైస్తవ సన్యాసుల ఆశ్రమాలదే. ఆ ఆశ్రమాలు 1536–1540 మధ్య రద్దయినప్పుడు వాటి ఆస్తులతో పాటు చాన్సెల్ బాధ్యత కూడా భూమి కొన్నవారికి సంక్రమించింది. వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి విషయంలో, అటువంటి బాధ్యత ఉన్న పొలం యజమానులే చాన్సెల్ మరమ్మతు ఖర్చు భరించాలని 2003లో, అప్పట్లో దేశ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు చెప్పింది. గర్భగృహం అని రాసిన అనువాదంలో ఈ వ్యాజ్యం ఎందుకు వచ్చిందో వివరించడం కష్టం.

మన పదాలన్నీ పక్కన పెట్టాలని నేను అనడం లేదు. కిల్‌పెక్ తూర్పు కొసన అర్ధవృత్తాకారంలో ఉన్న ఆప్స్‌కు గజపృష్ఠం అన్న మాట సరిగ్గా అతుకుతుంది. చేజర్ల కపోతేశ్వరాలయాన్ని వర్ణించేటప్పుడు మనం వాడే మాటే అది, ఆకారాన్ని తప్ప మరి దేనినీ మోసుకురాదు. పారిష్‌కు తెలుగు కతోలికులు తరతరాలుగా వాడుతున్న విచారణ అన్న మాట ఉంది. ఒక గురువు ఆధీనంలోని ఊళ్లు, అక్కడి విశ్వాసులు, వారి మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత అన్నీ అందులో ఉన్నాయి. విచారణ అనగానే కోర్టు విచారణ స్ఫురిస్తుందన్న అభ్యంతరం రావచ్చు గానీ, మొదటిసారి విచారణ చర్చి అని కలిపి రాస్తే ఆ చిక్కు తీరుతుంది.

కాబట్టి ఈ భాగాలను పరిచయం చేసే వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ఈ విచారణ చర్చిలో ఊరివారు కూడే నేవ్, దానికి తూర్పున గురువు ఆరాధన జరిపే చాన్సెల్, చివర గజపృష్ఠాకారంలో ఆప్స్ ఉన్నాయి." ఒకసారి ఇలా పరిచయం చేసిన తరువాత వ్యాసమంతా నేవ్, చాన్సెల్ అనే రాసుకోవచ్చు.