జురాసిక్ పార్క్ మొదటిసారి ఎక్కడ చూశారు? ఏ వయసులో?

పాతరీలు:
మా వాడికి ఆరేళ్ళు. ఈ సెలవుల్లో వాడికి డైనోసార్ల సినిమా జురాసిక్ పార్క్ మొదటి భాగం చూపిద్దామనుకుంటున్నాను. ఆ ఆలోచన వచ్చినప్పటి నుంచి నా చిన్నతనమే కళ్ళముందు తిరుగుతోంది. మీరు ఎక్కడ చూశారు, ఏ భాషలో చూశారు, ఏ సీన్ మనసులో ఉండిపోయింది? ఇంకొక సంగతి కూడా చెప్పండి. ఆరేళ్ళ పిల్లాడికి చూపించొచ్చా, రాత్రిపూట భయపడతాడా? నిడివి చిన్నది కదా, మూడో భాగంతో మొదలుపెట్టమని మా తమ్ముడి సలహా. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

సికిందరాబాద్_సీను:
సంగీత్ థియేటర్. 94 వేసవి. నాన్న స్కూటర్ మీద ముందు నిలబడి వెళ్ళాను. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆ లోటూ తెలియలేదు. వానలో కారు ఆగిపోయి, గ్లాసులో నీళ్ళు కదలడం మొదలైనప్పుడు హాలంతా నిశ్శబ్దం. నాన్న కూడా ముందుకు వంగి కూర్చున్నారు. ఆయన సినిమా చూస్తూ అలా వంగడం నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు సంగీత్ లేదు, కొట్టేశారు. ఆ దారిన వెళ్ళిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ సినిమా సంగీత్‌లో చూసినవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది.

గోదారిగట్టు:
సీను గారూ, ఆ చివరి మాట ఒప్పుకోను. మాది రాజమండ్రి దగ్గర పల్లె. వినాయక చవితి పందిట్లో వీసీఆర్, కలర్ టీవీ అద్దెకు తెచ్చి వేశారు. ముందు ఒక తెలుగు సినిమా, ఆ తర్వాత ఇది, హిందీ క్యాసెట్. పెద్దవాళ్ళు ‘బల్లుల సినిమా’ అని లేచి ఇళ్ళకు పోయారు. పిల్లలం మిగిలాం. టీవీ మీద గీతలు పడుతుంటే మా మామయ్య వీసీఆర్ పక్కనే కూర్చుని ట్రాకింగ్ సరిచేస్తూనే ఉన్నాడు. వంటగదిలో రెండు రాప్టర్ డైనోసార్లు ఆ అక్కాతమ్ముళ్ళ కోసం వెతికే సీన్ వచ్చేసరికి మా చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగాయి. మాకు అందిన భయం సంగీత్‌లో కూర్చున్నవాళ్ళ భయం కన్నా తక్కువని ఎవరంటారు?

సౌండ్‌బాక్స్:
నేను ఇరవై ఏళ్ళ పైగా సినిమా సౌండ్ మిక్సింగ్‌లో ఉన్నాను కాబట్టి ఇది నేను చెప్పాల్సిన మాట. వీసీఆర్‌లో చూస్తే ఆ సినిమా సగమే చూసినట్టు. డీటీఎస్ అనే డిజిటల్ సౌండ్ పద్ధతి థియేటర్లకు వచ్చిందే జురాసిక్ పార్క్‌తో. ఆ డిజిటల్ సౌండ్ విడిగా డిస్కుల్లో ఉంటుంది, ఫిల్ము మీద ఉండే టైమ్ కోడ్ గుర్తులను బట్టి రెండూ కలిసి నడుస్తాయి. టీ-రెక్స్ అనే ఆ పెద్ద డైనోసార్ గర్జనలో ఏనుగు పిల్ల ఘీంకారం ఉంది, పులి ఉంది, ఆలిగేటర్ ఉంది. సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ చేసిన పని అది. ఆ గ్లాసులో వలయాల కోసం డ్యాష్‌బోర్డ్ కింద గిటార్ తీగ కట్టి మీటారు. ఆ సినిమాకు వచ్చిన మూడు ఆస్కార్లలో రెండు సౌండ్‌కే వచ్చాయి. పందిట్లో ఒక్క స్పీకరు టీవీలో ఇవేవీ వినపడవు.

గోదారిగట్టు:
ఆస్కార్ల లెక్క ఎవరడిగారండీ? ప్రశ్న ‘మొదటిసారి ఎక్కడ చూశారు’ అని. మా పల్లెలో కరెంటు ఉండటమే పెద్ద సంగతి, డీటీఎస్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ రాత్రి పందిట్లో ఉన్న పిల్లల్లో ఇద్దరు తర్వాత జువాలజీ చదివారు. సగం సినిమాకే అంత జరిగింది మరి.

సౌండ్‌బాక్స్:
నేను మిమ్మల్ని చిన్నబుచ్చలేదు. సినిమా తీసినవాళ్ళ కష్టం గురించి చెప్పాను. కోపం తెచ్చుకుంటే నేనేం చేయను?

నిజాంపేట_అమ్మ:
ఇద్దరూ ఆపండి. సినిమాలో శాస్త్రవేత్తలు గ్రాంట్, ఎల్లీ జీపులోంచి మొదటిసారి పొడుగు మెడ బ్రాకియోసారస్‌ను చూసే సీన్ ఒక్కటి చాలు. ఆ సంగీతం, ఆ మొహాలు. పందిట్లో చూసినా, హాల్లో చూసినా నోరు తెరుచుకుని చూడాల్సిందే.

సికిందరాబాద్_సీను:
అమ్మ గారు బ్రాకియోసారస్ అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పొడుగు మెడ డైనోసార్ అస్థిపంజరం ఉంది కదా, బారాపాసారస్. సినిమా చూసిన చాలా ఏళ్ళకు దాని ముందు నిలబడ్డాను. మళ్ళీ స్కూటర్ ముందు నిలబడిన పిల్లాడినైపోయాను.

ఎముకలగూడు:
బిర్లాలో ఉన్నది బారాపాసారస్ కాదు. కోటాసారస్. పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు తవ్వారు. పి. యాదగిరి 1988లో దానికి ఆ పేరు పెట్టి వివరించారు. బారాపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రెండూ ప్రాణహిత-గోదావరి లోయలో కోట అనే ఊరి పేరుతో పిలిచే రాతి పొరల నుంచే వచ్చాయి, అయినా వేరు వేరు జంతువులు. నేను జియాలజీలో పీజీ చేసి ఆ రాళ్ళ మీద నడిచినవాణ్ణి.

సికిందరాబాద్_సీను:
మా టీచర్ బారాపాసారస్ అనే చెప్పారు. అయినా ఇది సినిమా గురించిన చర్చ, పేరు ఏదైతే ఏముంది?

ఎముకలగూడు:
చాలా ఉంది సార్. మన నేలలో దొరికిన జంతువు పేరు మనమే తప్పు పలికితే ఇంకెవరు సరిగ్గా పలుకుతారు? టైరనోసారస్ రెక్స్ అని పిల్లలందరూ గుక్క తిప్పుకోకుండా చెబుతారు, అది అమెరికాది కాబట్టి. ఇంకోటి వినండి. సినిమా పేరు జురాసిక్, కానీ టీ-రెక్స్, వెలోసిరాప్టర్, ట్రైసెరటాప్స్ అన్నీ ఆ తర్వాత వచ్చిన క్రిటేషియస్ కాలానివి. కోటాసారస్ మాత్రం అసలు సిసలు జురాసిక్ జంతువు. ఆ పేరుకు తగినది హైదరాబాద్‌లో ఉంది.

డల్లాస్_బాబాయ్:
వెలోసిరాప్టర్ విషయంలో సినిమా పూర్తిగా తప్పు కదా? అసలుది మంగోలియాలో దొరికింది, నడుం దగ్గర ఎత్తు అడుగున్నరే. ఈకలు కూడా ఉండేవని 2007లో ముంజేతి ఎముక మీద గుర్తులు దొరికాయి. మా అబ్బాయి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మూడో భాగంలో అయితే స్పైనోసారస్ అనే ఇంకో డైనోసార్ టీ-రెక్స్ మెడ విరిచేస్తుంది. చిన్నప్పుడు అది చూసి నాకు నిద్ర పట్టలేదు, భయంతో కాదు, కోపంతో. అందుకే పాతరీలు గారూ, మూడోది వద్దే వద్దు.

కరీంనగర్_కుర్రోడు:
మూడో భాగాన్ని అంత మాట అనకండి అన్నా. నేను మొదట చూసింది అదే. ఆ పక్షుల పంజరం, పొగమంచులో టెరనోడాన్ అనే ఎగిరే జంతువు నడిచొచ్చే సీన్, ఇప్పటికీ నాకు అంతకన్నా గొప్ప సీన్ లేదు. టీ-రెక్స్ ఓడిపోతే సినిమా చెడ్డదైపోతుందా?

డల్లాస్_బాబాయ్:
అవుతుంది తమ్ముడూ. మొదటి భాగం చివర్లో అది గర్జిస్తుంటే పైనుంచి బ్యానర్ కింద పడుతుంది చూడు, దానికి ఆ మర్యాద దక్కాలి.

సౌండ్‌బాక్స్:
ఆ టీ-రెక్స్‌లో చాలా భాగం కంప్యూటర్ కాదు, స్పెషల్ ఎఫెక్ట్స్ నిపుణుడు స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన అసలు సైజు యంత్రం. వాన సీన్లో దాని చర్మం నీళ్ళు పీల్చుకుని బరువెక్కి వణికిపోయేది. షాట్ షాట్‌కీ తుడిచి ఆరబెట్టాల్సి వచ్చింది. సినిమా మొత్తంలో డైనోసార్లు కనిపించేది పావుగంటే. మిగతాదంతా శబ్దం, ఎదురుచూపు. ఇప్పటి సినిమాల్లో మొదటి నిమిషం నుంచే చూపిస్తారు, అందుకే నిలవవు.

మంచిర్యాల_పిల్ల:
ఎముకలగూడు గారి మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మాది ఆ ప్రాంతమే. నేను రెండో భాగం చూశాను, మా టౌన్లో, అమ్మమ్మతో. ట్రైలర్ కొండ అంచున వేలాడుతుంటే, అద్దం మీద పగుళ్ళు పాకుతుంటే అమ్మమ్మ ‘లేవే అమ్మా, లేవే’ అని తెరమీద పిల్లతో మాట్లాడింది. ఆ రోజు నుంచి డైనోసార్ అంటే అమెరికాలో ఉండేది అనుకున్నాను. మా స్కూల్లో పది వరకు ఒక్కరు కూడా మన జిల్లాలో దొరికిందని చెప్పలేదు. డిగ్రీలో ఉండగా హైదరాబాద్ వచ్చి ఆ అస్థిపంజరం కింద బోర్డు మీద మా వైపు ఊరి పేరు చదివాను. సంతోషం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళు మాకెందుకు చెప్పలేదని నాకు ఇప్పటికీ కోపమే.

సికిందరాబాద్_సీను:
చెల్లెమ్మా, నీ కోపం న్యాయమైనది. పేరు గురించి మాత్రం నాతో వాదించొద్దు.

ఎముకలగూడు:
మంచిర్యాల చెల్లీ, ఇంకో సంగతి. అక్కడ ఎన్నో జంతువుల ఎముకలు కలిసి దొరికాయి, మ్యూజియంలో నిలబెట్టింది వాటిని జతచేసి. పుర్రె మాత్రం దొరకలేదు. కోట సున్నపురాయిలో చేపల శిలాజాలు కూడా ఉన్నాయి. మీ ఊరి పిల్లలకు ఎవరైనా చెప్పాలంటే నేను సొంత ఖర్చుతో వస్తాను.

పాతరీలు:
అందరికీ దండం. మా వాడి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

నిజాంపేట_అమ్మ:
నేను చెబుతాను. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు చూపించాను. టీ-రెక్స్‌కు భయపడలేదు. కరెంటు కంచె మీద ఆ బాబుకు షాక్ తగిలే సీన్‌కు భయపడింది, నెలల పాటు స్విచ్ ముట్టుకోలేదు. అమెరికాలో దీనికి పీజీ-13, అంటే పదమూడేళ్ళ లోపు పిల్లలకు కొన్ని సీన్లు తగకపోవచ్చన్న హెచ్చరిక ఇచ్చారు, ఊరికే కాదు. జనరేటర్ గదిలో తెగిన చెయ్యి ఎల్లీ భుజం మీద పడే సీన్ కూడా ముందే దాటించండి. పగలు చూపించండి, పక్కనే కూర్చోండి. మొదట బ్రాకియోసారస్ సీన్ వరకు చూపించి ఆపి, వాడి మొహం చూడండి. కావాలంటాడు, అప్పుడు మిగతాది. ఆ తర్వాత బిర్లాకు తీసుకెళ్ళండి.

కరీంనగర్_కుర్రోడు:
అక్కా, వాడికి టెరనోడాన్ సీన్ కూడా చూపించమనండి.

డల్లాస్_బాబాయ్:
వద్దు. 2015లో వచ్చిన జురాసిక్ వరల్డ్ అయినా చూపించండి, అందులో మన ఇర్ఫాన్ ఖాన్ పార్క్ యజమాని, హెలికాప్టర్ ఆయనే నడుపుతాడు. మా పిల్లలు ‘మనవాడు’ అని అరిచారు.

గోదారిగట్టు:
ఇర్ఫాన్ ఉన్నా సరే, మొదటి భాగమే ముందు. పాతరీలు గారూ, మీ తమ్ముడి మాట వినకండి. మీ దగ్గర పెద్ద స్పీకర్లు లేకపోయినా ఏం పర్లేదు.

సౌండ్‌బాక్స్:
స్పీకర్లు లేకపోతే కనీసం మంచి హెడ్‌ఫోన్స్ అయినా పెట్టండి, ఇది బతిమాలి చెబుతున్నాను.

గోదారిగట్టు:
ఆరేళ్ళ పిల్లాడికి చెవుల్లో టీ-రెక్స్ గర్జనా? వాళ్ళమ్మ ఒడిలో కూర్చుని చూడనివ్వండి సార్.