హైడ్రోజన్ క్లోరైడ్ అయానికమా, సమయోజనీయమా?

పదో తరగతి అమ్మ:
యూనిట్ టెస్టులో మా అమ్మాయి హైడ్రోజన్ క్లోరైడ్ సమయోజనీయ సమ్మేళనం (పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని అణువుగా ఉండేది) అని రాస్తే ట్యూషన్ సార్ మార్కు తీసేశారు. నీళ్ళలో కలిస్తే కరెంటు పోతుంది కాబట్టి అయానికమేనట, అంటే విద్యుదావేశమున్న అయాన్లతో తయారైనదట. పిల్ల ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరి?

కృష్ణాతీరం:
సార్‌దే సరి. నీళ్ళలో హైడ్రోజన్ అయాన్‌ను ఇచ్చేదే ఆమ్లమని అర్హీనియస్ చెప్పాడు. అయాన్లు లేకపోతే బల్బు ఎలా వెలుగుతుంది?

ల్యాబ్ గది:
పాప రాసిందే సరి, మేడమ్. ద్రావణంలో అయాన్లు ఉన్న మాట నిజమే, కానీ అవి నీళ్ళు కలిశాక పుట్టినవి. ఉప్పులో అలా కాదు. స్ఫటికంలోనే సోడియం, క్లోరైడ్ అయాన్లుంటాయి. అందుకే అది కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలి, కరిగాక చుక్క నీరు లేకపోయినా కరెంటు పోతుంది. హైడ్రోజన్ క్లోరైడ్ మామూలుగా వాయువు. మైనస్ 85 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమవుతుంది, ఆ ద్రవంలో కరెంటు దాదాపు పోదు. పదో తరగతి ప్రయోగమే చూడండి: ఉప్పు మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే వచ్చే వాయువుకు పొడి నీలి లిట్మస్ రంగు మారదు, తడి లిట్మస్ ఎర్రబడుతుంది. నీటి అణువు ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) లాక్కుని హైడ్రోనియం అయాన్‌గా మారాకే ఆమ్ల గుణం బయటపడుతుంది. ఈ వాయువును నీటికి బదులు టోలుయీన్ అనే కర్బన ద్రావణిలో కరిగిస్తే బల్బు వెలగదు.

ఎప్‌సెట్ బ్యాచ్:
ఇంత ఎందుకు సార్? ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే శక్తి) తేడా 1.7 దాటితే అయానికం, లేకపోతే సమయోజనీయం. దీనికి 0.96. అయిపోయింది.

ల్యాబ్ గది:
ఇక్కడ ఆ లెక్క కుదిరింది, అన్నిచోట్లా కుదరదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో తేడా దాదాపు 1.8, అయినా అది 20 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అందులో ఉన్నవి అణువులే. లోహం, అలోహం కలిస్తే అయానికమనే సూత్రమూ అంతే: అనార్ద్ర (నీరు లేని) అల్యూమినియం క్లోరైడ్ 180 డిగ్రీల దగ్గర నేరుగా ఆవిరైపోతుంది. అమ్మోనియం క్లోరైడ్‌లో లోహమే లేదు, అది అయానికం.

కృష్ణాతీరం:
లిట్మస్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆమ్లాలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పర్‌క్లోరిక్ ఆమ్లం ఒక నీటి అణువుతో కలిసి ఏర్పడే స్ఫటికంలో హైడ్రోనియం, పర్‌క్లోరేట్ అయాన్లే ఉంటాయి. నీరు కలవని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కూడా కరెంటు పోతుంది.

ల్యాబ్ గది:
పర్‌క్లోరిక్ మంచి ఉదాహరణ. సల్ఫ్యూరిక్‌లో మాత్రం ఒక అణువు మరో అణువుకు ప్రోటాన్ ఇవ్వడం వల్ల వచ్చే కొద్దిపాటి అయాన్లే ఆ పని చేస్తాయి, మిగతాదంతా అణువులే. మేడమ్, ప్రశ్నలో జల ద్రావణం అని ఉందా? లేకపోతే ఆ మార్కు అడగాల్సిందే.

పదో తరగతి అమ్మ:
లేదండీ, ఉత్త హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఉంది. రేపు లిట్మస్ ప్రయోగం ఉన్న పేజీ తీసుకుని వెళ్ళి సార్‌తో మాట్లాడతాను.